కొలువూ కుర్చీ: కూర్చుని పనిచేసేవారి ఆరోగ్య చరిత్ర

ప్రస్తావన

ఈ పాఠం చదువుతున్న వారిలో చాలామంది పగలంతా ఏదో ఒక బల్ల ముందు కూర్చుని పనిచేసి, రాత్రి మళ్ళీ పుస్తకం ముందు కూర్చునేవారే. మీసేవ కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్లు, బ్యాంకులో క్యాషియర్లు, ఆడిటర్ దగ్గర లెక్కలు రాసేవారు, కాల్ సెంటర్లలో ఫోన్లు ఎత్తేవారు దూరవిద్యలో ఎక్కువగా కనిపిస్తారు. దూరవిద్య విద్యార్థి అంటే రోజుకు రెండుసార్లు కూర్చునే మనిషి అనుకోవచ్చు. కాబట్టి ఈ పాఠంలోని చరిత్ర మీకు పరాయిది కాదు.

శ్రామికుల ఆరోగ్యం అనగానే చరిత్ర పుస్తకాల్లో గనులు, నూలు మిల్లులు, రేవుల్లో బరువులు మోసే కూలీలు వస్తారు. కలం పట్టినవాడి నడుము గురించి చరిత్రకారులు పట్టించుకున్నది తక్కువ. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. మన ఇళ్ళలో తల్లిదండ్రులు పిల్లల కోసం కోరుకునేది నీడపట్టున కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఎండలో నాట్లు వేసేవారి కళ్ళకు ఫ్యాను కింద కూర్చున్న గుమాస్తా సుఖపడుతున్నట్టే కనిపిస్తాడు. ఆ సుఖం ఒంటికి ఏం చేస్తుందన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. దానికి వచ్చిన జవాబులే మన పాఠ్యాంశం.

ఇక్కడ ఒక వాదన ముందే చెప్పి సాగుదాం. బల్ల ముందు పనివల్ల వచ్చే రుగ్మతలు కొత్తవి కావు, వాటిని గుర్తించడమూ కొత్త కాదు. ప్రతి తరానికీ అవి కొత్తగా కనిపించడానికి కారణం, ఒక్కో కాలం వాటిలో ఒక్కో ముక్కనే చూడడం. ఒక కాలం చేతిని చూసింది, ఒక కాలం కుర్చీని చూసింది, మరొక కాలం మనసును చూసింది. మూడింటినీ కలిపి చూసిన వైద్యుడు 1713లోనే ఉన్నాడు. ఆయన దగ్గరికి వెళ్ళేముందు మన ప్రాచీన వైద్యుల దగ్గర కాసేపు ఆగుదాం.

రాజసేవకులు, వర్తకులు, లేఖకులు

చరక సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహానికి కారణాలు చెప్పేచోట ఆహార పదార్థాలతోపాటు సుఖంగా కూర్చోవడం, సుఖంగా నిద్రపోవడం కూడా ఉన్నాయి. ప్రమేహం అంటే నేటి మధుమేహం ఒక్కటే కాదు, మూత్ర సంబంధమైన అనేక వ్యాధులకు కలిపి పెట్టిన పేరు. అందులో మధుమేహం ఒకటి. అయినా కూర్చోవడాన్ని తిండి సరసన రోగకారణంగా నిలబెట్టడం గమనించదగిన విషయం.

అంతకంటె ఆసక్తికరమైన చోటు సిద్ధిస్థానం పదకొండో అధ్యాయంలో ఉంది. చరక సంహితలో ఈ భాగాన్ని పూరించినవాడు దృఢబలుడు. ఎప్పుడూ ఏదో ఒక జబ్బుతో ఉండేవారు ఎవరు అని అక్కడ చర్చ. జవాబులో నాలుగు వర్గాలు కనిపిస్తాయి: వేదాధ్యయనపరులు, రాజసేవకులు, వేశ్యలు, వర్తకులు. రాజసేవకుడికి ప్రభువు మనసును అనుసరించి నడుచుకోవాలన్న చింత, భయం. వర్తకుడికి ఎప్పుడూ కూర్చునే ఉండడం, దానికి తోడు క్రయవిక్రయాల మీద ఆశ. వీరందరికీ ఉన్న మరో దోషం, మలమూత్ర వేగాలను ఆపుకోవడం, వేళకు తినకపోవడం. కాల్ సెంటర్లో షిఫ్టు చేసిన వారెవరైనా ఈ చివరి మాట చదివితే ఇది నిన్న రాసిందే అనుకుంటారు. వృత్తిని బట్టి రోగాన్ని ఊహించే పద్ధతి ఇక్కడ స్పష్టంగా ఉంది. అయితే దీన్ని ఇంతకంటె లాగి, ఆధునిక వృత్తి ఆరోగ్య శాస్త్రమంతా మన గ్రంథాల్లోనే ఉందనడం చరిత్ర కాదు. ఒక సూక్ష్మమైన గమనిక ఉంది, అంతవరకే.

సుశ్రుతుడు చెప్పిన చికిత్స ఇంకా సూటిగా ఉంటుంది. ధనం, బంధుబలం లేని ప్రమేహ రోగి చెప్పులు, గొడుగు లేకుండా, ఒక్కో ఊళ్ళో ఒక్క రాత్రి మాత్రమే ఉంటూ, నూరు యోజనాలో అంతకు మించో నడవాలి. లేదా ఆవుల మంద వెంట తిరగాలి. బావి తవ్వడం కూడా ఆ చికిత్సల్లో ఒకటి. మందు కొనలేనివాడికి నడకే మందన్నమాట.

రాతగాళ్ళు తమ బాధను తామే చెప్పుకున్న చోటు మరొకటి ఉంది. తాళపత్ర, కాగిత ప్రతులను తిరగరాసే లేఖకులు గ్రంథం పూర్తయ్యాక చివర ఒక సంస్కృత శ్లోకం చేర్చేవారు. మనదేశంలో అనేక ప్రాంతాల ప్రతుల్లో కొద్ది తేడాలతో ఇది కనిపిస్తుంది. దాని భావం ఏమిటంటే, వీపు, నడుము, మెడ విరిగి, చూపు ఒకేచోట బిగిసి, తల వంచుకుని కష్టపడి రాసిన గ్రంథమిది, జాగ్రత్తగా కాపాడండి అని. శతాబ్దాల నాటి ఆ మాటల్లో నేటి కంప్యూటర్ ఉద్యోగి డాక్టరుకు చెప్పే బాధలన్నీ అదే వరుసలో ఉన్నాయి. తాటాకును ఎడమ చేత పట్టుకుని, కుడిచేతి గంటానికి ఎడమ బొటనవేలు ఆసరా ఇస్తూ గంటలకొద్దీ గీసిన మనిషి చెప్పిన మాట అది. కడపలో సి.పి. బ్రౌన్ తన సొంత సొమ్ముతో పండితులను, లేఖకులను పెట్టి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించిన సంగతి మీకు సాహిత్య చరిత్ర పాఠాల్లో తెలుసు. ఆ ప్రతులు మిగిలాయి. రాసినవారి వెన్నుల సంగతి ఎవరూ నమోదు చేయలేదు.

కరణం నుంచి గుమాస్తా దాకా

ఇక్కడ ఒక భేదాన్ని జాగ్రత్తగా చూడాలి. పల్లెలో కరణం కూడా రాతపని చేసేవాడే. బాసింపట్టు వేసుకుని నేలమీద కూర్చుని, ముందు కవిలె కట్టలు పరుచుకుని లెక్క రాసేవాడు. కానీ అదే కరణం అజమాయిషీకి పొలాల గట్ల మీద తిరగాలి, సరిహద్దు తగాదా వస్తే గొలుసు పట్టించి కొలిపించాలి, జమాబందీకి తాలూకా కచేరీకి పోవాలి. రాత అతని పనిలో ఒక భాగం, దినమంతా అదే కాదు. పైగా నేలమీద కూర్చున్నవాడు లేవాలంటే ఒళ్ళంతా కదలాలి. రోజులో పదిసార్లు కూర్చుని లేస్తే అదే ఒక వ్యాయామం. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో వంశపారంపర్య కరణాల వ్యవస్థ రద్దయ్యేనాటికి కూడా ఈ మిశ్రమ స్వభావం పూర్తిగా పోలేదు.

ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకేచోట, ఒకే రాతపని అన్న పద్ధతి పెద్ద ఎత్తున వచ్చింది వర్తక కంపెనీల లెక్కల గదుల్లో. ఈస్టిండియా కంపెనీ తన కింది స్థాయి ఉద్యోగులను పిలిచిన పేరే ‘రైటర్లు’, అంటే రాతగాళ్ళు. కలకత్తాలోని రైటర్స్ బిల్డింగ్‌కు ఆ పేరు అలా వచ్చిందే. వారి కింద దేశీయ గుమాస్తాలు, రాయసాలు, మున్షీలు. లండన్‌లో అదే కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఆంగ్ల వ్యాసకర్త చార్లెస్ ల్యాంబ్ 1792 నుంచి 1825 వరకు, 33 ఏళ్ళు గుమాస్తాగా లెక్కలు రాశాడు. పదవీ విరమణ చేసిన ఏడాదే ఆ బల్ల జీవితం గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. భారతదేశపు సరుకుల లెక్క ఆ చివర ఒక నడుమును, ఈ చివర మరెన్నో నడుములను వంచిందన్నమాట. తరవాత కలెక్టరు హుజూరు కచేరీలు, నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ 1865 నాటి జిలాబందీ తరవాత ఏర్పడిన జిల్లా కార్యాలయాలు, రైల్వే, తపాలా శాఖలు ఈ కొత్త మనిషిని మన ప్రాంతంలో స్థిరపరిచాయి. నడక పనిలోంచి విడిపోయింది. నడిచే పని డఫేదారుకు, బంట్రోతుకు పోయింది, రాత గుమాస్తాకు మిగిలింది.

రమజ్జీని చెప్పిన మూడు కారణాలు

బెర్నార్డినో రమజ్జీని (1633–1714) ఇటలీ వైద్యుడు. మోడెనాలోను, తరవాత పాదువాలోను ఆచార్యుడు. వృత్తులవల్ల వచ్చే వ్యాధుల మీద ఆయన లాటిన్‌లో రాసిన గ్రంథం 1700లో వెలువడింది. రోగిని వైద్యుడు అడగవలసిన పాత ప్రశ్నలకు ఆయన మరొకటి చేర్చాడు: నీవు చేసే పని ఏమిటి? ఈ ఒక్క ప్రశ్న వల్లనే వృత్తి వైద్య చరిత్ర ఆయన పేరుతో మొదలవుతుంది.

1713లో వచ్చిన విస్తృత ముద్రణలో ఆయన లేఖకుల మీద, నోటరీల మీద ఒక అధ్యాయం చేర్చాడు. వారి బాధలకు మూడు కారణాలు చెప్పాడు. ఒకటి, ఎడతెగకుండా కూర్చోవడం. రెండు, చెయ్యి ఎప్పుడూ ఒకే తీరున, ఒకే దిశలో కదలడం. మూడు, లెక్కలో తప్పు పడకూడదని, యజమానికి నష్టం రాకూడదని మనసు మీద ఉండే ఒత్తిడి. జీవితమంతా రాస్తూ కుడిచెయ్యి పట్టుదప్పిన ఒక నోటరీ ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడనీ, కొంతకాలానికి ఆ చేతికీ అదే రోగం వచ్చిందనీ ఆయన రాశాడు. దర్జీలు, చెప్పులు కుట్టేవారు వంటి కూర్చుని చేసే వృత్తులవారికి ఆయన ఇచ్చిన సలహా, కనీసం సెలవు రోజుల్లోనైనా ఒంటికి వ్యాయామం ఇవ్వమని. ‘కనీసం’ అన్న మాటలో ఒక వైద్యుడి నిస్సహాయత ఉంది. పని వేళలను మార్చే అధికారం ఆయనకు లేదు, సెలవునాటి సలహా ఒక్కటే ఆయన ఇవ్వగలిగింది.

ఆసనం, చెయ్యి, మనసు. ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని తరవాతి రెండు శతాబ్దాలను చూడండి.

చేతిని చూసిన కాలం

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో గుమాస్తాల సంఖ్య బాగా పెరిగింది. అదే కాలంలో బాతు ఈక కలం పోయి బర్మింగ్‌హామ్‌లో తయారైన ఉక్కు పాళీ వచ్చింది. రాస్తుండగా వేళ్ళు కొంకర్లు పోవడం, కలం జారిపోవడం వైద్యులకు తరచుగా కనిపించసాగింది. బ్రిటన్‌లో చార్లెస్ బెల్ 1830 నాటికే దీన్ని వర్ణించాడు. 1864లో శామ్యూల్ సాలీ దీనికి లేఖకుల పక్షవాతం అని పేరుపెట్టి ఉపన్యాసాలిచ్చాడు. చాలామంది నేరం ఉక్కు పాళీ మీద మోపారు. పాళీ కొత్తది, కంటికి కనిపించేది. పనిగంటలు అలా కనిపించవు.

తరవాత టెలిగ్రాఫ్ వచ్చింది. మోర్స్ మీటను రోజుకు వేలసార్లు నొక్కే ఉద్యోగులకు చెయ్యి బిగుసుకుపోయేది. ఫ్రాన్స్‌లో ఒనిమస్ అనే వైద్యుడు 1875లో దీన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. బ్రిటన్ 1908లో టెలిగ్రాఫ్ ఉద్యోగుల కొంకర్లను నష్టపరిహారం ఇవ్వదగిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. బల్ల ముందు కూర్చున్న ఉద్యోగి శరీరానికి కలిగిన హానిని ప్రభుత్వం డబ్బు రూపంలో ఒప్పుకున్న తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఒప్పుకున్నాక ఏం జరిగిందో చూడండి. కేసులు పెరిగాయి, తపాలా శాఖ విచారణ సంఘాన్ని వేసింది. 1911లో వచ్చిన దాని నివేదిక రెండు కారణాలు చెప్పింది: పదేపదే కలిగే అలసట, ఉద్యోగి నరాల దౌర్బల్యం. పని తప్పు సగం, మనిషి తప్పు సగం అన్నట్టు.

ఈ రెండో సగం చాలాకాలం బతికింది. 1980లలో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల చేతి నొప్పులు ఒక్కసారిగా పెరిగినప్పుడు, అది నిజమైన గాయమా, మానసికమా అని వైద్యులు, న్యాయస్థానాలు మళ్ళీ అదే తగువు పడ్డాయి. నొప్పి ఉన్నవాడిని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోవడంతో, పని వేగం ఎవరు నిర్ణయిస్తున్నారన్న ప్రశ్న వెనక్కి పోయింది.

మన ఊళ్ళలో టైపు ఇన్‌స్టిట్యూట్లు ఉన్న రోజుల్లో లోయర్, హయ్యర్ పరీక్షలకు వెళ్ళినవారికి మొదటి పాఠం వేళ్ళది కాదు, వీపుది. నిటారుగా కూర్చో, మణికట్టు ఎత్తిపట్టు, కాగితం వైపు చూడు అని మాస్టారు బెత్తంతో నేర్పేవారు. పాత టైపు మిషన్‌లో వరుస చివర క్యారేజీని చేత్తో తోయాలి, కాగితం మార్చాలి. అవన్నీ చేతికి చిన్నచిన్న విరామాలే. కంప్యూటర్ ఆ విరామాలను తీసేసింది. సదుపాయం పెరిగినప్పుడల్లా కదలిక తగ్గడం ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

కుర్చీని చూసిన కాలం

రెండో ప్రపంచ యుద్ధం తరవాత బ్రిటన్‌లో గుండెజబ్బు మరణాలు కలవరపెట్టే స్థాయికి చేరాయి. కారణం తెలియదు. జెరెమీ మోరిస్ (1910–2009) అనే వైద్యుడు యుద్ధకాలంలో సైనిక వైద్య దళంలో భారత్, బర్మాలలో పనిచేసి వెళ్ళినవాడు. వృత్తికీ గుండెకూ సంబంధం ఉందేమో చూడాలనుకున్నాడు. ఆయన ఎంచుకున్నది లండన్ రెండంతస్తుల బస్సు. హైదరాబాదులో ఒకప్పుడు తిరిగిన డబుల్ డెక్కర్లను చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే బస్సు, ఒకే పొగ, ఒకే రద్దీ, దాదాపు ఒకే తరగతి మనుషులు. డ్రైవరు పనివేళలో చాలాభాగం కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్లు కొడుతూ రోజుకు 500 నుంచి 750 మెట్లు ఎక్కుతాడు.

35 నుంచి 64 ఏళ్ళ వయసున్న సుమారు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు 1949–50లలో సేకరించారు. ఫలితాలు 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఏడాదికి వెయ్యిమంది డ్రైవర్లలో 2.7 మందికి గుండెజబ్బు వస్తే, కండక్టర్లలో 1.9 మందికే వచ్చింది. కండక్టర్లకు వచ్చినప్పుడు కూడా అది అంత వెంటనే ప్రాణం తీసేది కాదు. ఒక్క బస్సులతో ఆగితే అది కాకతాళీయం అనవచ్చు. మోరిస్ బృందం తపాలా శాఖను కూడా చూసింది. సైకిల్ మీద, కాలినడకన ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్లకంటె టెలిఫోన్ ఆపరేటర్లలో, గుమాస్తాలలో జబ్బు ఎక్కువ. సరళి అదే.

విద్యార్థులు ఇక్కడ పరిశోధన పద్ధతి కూడా నేర్చుకోవాలి. తన ఫలితాన్ని తానే అనుమానించినవాడు మోరిస్. డ్రైవరు కూర్చోవడంవల్ల లావెక్కాడా, లేక లావుగా ఉన్నవాడే డ్రైవరు ఉద్యోగంలో చేరాడా? దీన్ని తేల్చడానికి ఆయన రవాణా సంస్థ ఇచ్చిన యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతల రికార్డు చూశాడు. అన్ని వయసుల్లోనూ డ్రైవర్ల నడుము కండక్టర్లకంటె పెద్దది, చిన్న వయసు డ్రైవర్లకు కూడా. అంటే తేడాలో కొంతభాగం ఉద్యోగంతో వచ్చింది కాదు, మనిషితోపాటు ఉద్యోగంలోకి వచ్చింది. 1956లో ఆ సంగతి కూడా లాన్సెట్‌లోనే ప్రచురించాడు. తన వాదానికి ఇబ్బంది కలిగించే ఆధారాన్ని దర్జీ పద్దుల్లోంచి వెతికి తీసిన ఈ పరిశోధకుడు నా దృష్టిలో 1953 నాటి పరిశోధకుడికంటె గొప్పవాడు. తరవాత ఆయన సుమారు 17,000 మంది బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగులను పరిశీలించాడు. అందరూ బల్ల ముందు పనిచేసేవారే. తీరిక వేళల్లో గట్టి వ్యాయామం చేసేవారికి గుండెజబ్బు తక్కువని 1973లో చూపాడు. పని కూర్చునేదైనా మిగతా వేళలతో కొంత సరిదిద్దుకోవచ్చని దీంతో తేలింది.

ఇదే కాలంలో మన దేశంలోనూ ఒక మంచి పరిశోధన జరిగింది, దురదృష్టవశాత్తు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. జీన్ మేయర్, పూర్ణిమా రాయ్, కామాఖ్య ప్రసాద్ మిత్ర కలిసి పశ్చిమ బెంగాల్‌లో ఒక జనపనార మిల్లుకు చెందిన 213 మంది ఆహారాన్ని, బరువును పోల్చి 1956లో ప్రచురించారు. బరువులు మోసేవారు ఎక్కువ తింటారు, ఆ తిండి ఖర్చయిపోతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం మరో చివర ఉంది. రోజంతా అంగట్లో కూర్చునే దుకాణదారులు, బొత్తిగా కదలని ఉద్యోగులు తేలికపాటి పని చేసేవారికంటె తక్కువ తినలేదు, ఎక్కువ తిన్నారు, బరువూ ఎక్కువే. కదలిక ఒక స్థాయికంటె తగ్గితే ఆకలి దానితోపాటు తగ్గదన్నమాట. ఎప్పుడూ కూర్చుని ఉండే వర్తకుడు ఎప్పుడూ రోగి అన్న సిద్ధిస్థానపు మాటను, బెంగాలు మిల్లు పక్కన తూచిన ఆ అంగడివారి బరువులను పక్కపక్కన పెట్టి చూడండి.

వెన్నునొప్పి విషయంలో కుర్చీ కథ ఇంత తేటగా లేదు. స్వీడన్‌లో నాకెమ్సన్ 1960లలో వెన్నుపూసల మధ్య డిస్కులో సూది గుచ్చి ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటికంటె కూర్చున్నప్పుడే ఒత్తిడి ఎక్కువని చెప్పాడు. కుర్చీల వ్యాపారం దీన్ని బాగా వాడుకుంది. 1999లో జర్మనీలో ఒక వాలంటీరు డిస్కులో పరికరం అమర్చి మళ్ళీ కొలిస్తే, వదులుగా వెనక్కి వాలి కూర్చున్నప్పుడు అంత ఒత్తిడి కనిపించలేదు. ఖరీదైన కుర్చీ కొనలేకపోయామని బాధపడేవారు ఇది గుర్తుంచుకోవచ్చు. ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండడమే అసలు చిక్కు.

మనసును చూసిన కాలం

కూర్చోవడమే అసలు నేరమైతే, ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఎక్కువ ఆరోగ్యంగా ఉండవలసింది బంట్రోతు. ఫైళ్ళు పట్టుకుని గదుల మధ్య తిరిగేది అతనే. కార్యదర్శి కుర్చీ వదలడు. లండన్‌లో వైట్‌హాల్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన అధ్యయనం ఈ ఊహను తలకిందులు చేసింది. సుమారు 17,500 మంది పురుషుల మీద, ఏడున్నరేళ్ళపాటు సాగిన పరిశీలనను మైకేల్ మార్మట్, ఆయన సహచరులు 1978లో ప్రచురించారు. అట్టడుగు శ్రేణిలోని బంట్రోతుల గుండెజబ్బు మరణాల రేటు, పై శ్రేణి పాలనాధికారులకంటె 3.6 రెట్లు ఉంది. మధ్యలో ఉన్నవారు మెట్లు మెట్లుగా మధ్యలోనే ఉన్నారు. కింది శ్రేణిలో పొగతాగడం, రక్తపోటు ఎక్కువే, తీరిక వేళల వ్యాయామం తక్కువే. అవన్నీ లెక్కలోంచి తీసేసినా తేడా బలంగానే మిగిలింది.

ఎందుకు? 1985లో 10,308 మంది స్త్రీ పురుషులతో మొదలైన రెండో అధ్యయనం దీని వెంట పడింది. దొరికిన జవాబుల్లో ముఖ్యమైనది, తన పని మీద తనకు ఎంత పట్టు ఉందన్నది. ఏ పని ముందు చేయాలి, ఎప్పుడు ఆపాలి, ఎంత వేగంగా చేయాలి అన్నది తన చేతిలో లేని ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. రాజసేవకుడి చింత, భయం అని దృఢబలుడు, తప్పు పడుతుందేమోనన్న ఒత్తిడి అని రమజ్జీని చెప్పినదానికి ఇవి అంకెలు.

మోరిస్, మార్మట్ పరస్పరం విరుద్ధులని కొందరు రాస్తారు. నేను అంగీకరించను. బస్సులో ఇద్దరు ఉద్యోగుల హోదా దాదాపు సమానం, కదలిక వేరు. అందుకే అక్కడ కదలిక ప్రభావం కనిపించింది. కార్యాలయంలో హోదాల మధ్య అగాధం ఉంది, అక్కడ అది కనిపించింది. దీపం ఎక్కడ పెడితే అక్కడి వస్తువే కనిపిస్తుంది.

నేటి బల్ల

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ తరవాతి తరంలో నీడపట్టు ఉద్యోగం అంటే చల్లటి గదిలో కంప్యూటర్ ముందు ఉద్యోగం. హైదరాబాదు ఐటి ఉద్యోగులు 345 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2025లో ప్రచురితమైంది. వారిలో 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా పేరుకుని ఉంది. పరీక్షకు వచ్చింది కొద్దిమందే, కాబట్టి ఈ శాతాన్ని లక్షలాది ఉద్యోగులందరికీ అంటగట్టడం తొందరపాటు. అయినా ఆ సంఖ్య భయపెట్టేదే.

ఏం చేయాలన్న ప్రశ్నకు ఇప్పుడు మునుపటికంటె మంచి ఆధారాలున్నాయి. పది లక్షల మందికి పైగా మనుషుల సమాచారాన్ని కలిపి చూసిన పరిశీలన 2016లో లాన్సెట్‌లో వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారు కూడా 60 నుంచి 75 నిమిషాలు చురుకైన నడక వంటి శ్రమ చేస్తే, కూర్చోవడంవల్ల పెరిగే మరణాల ముప్పు దాదాపు తొలగిపోతుందని దాని ఫలితం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ చెప్పాయి. కూర్చునే సమయం తగ్గించమన్నాయి గాని ఇన్ని గంటలే కూర్చోవాలని హద్దు పెట్టలేదు.

గంట నడక దొరకని జీవితాలు మీవని నాకు తెలుసు. బస్సులో రెండు గంటలు, ఆఫీసులో తొమ్మిది, ఇంటికొచ్చాక వంట, ఆపైన చదువు. అందుకే ఉన్న పనిలోనే కదలిక చేర్చుకోవడం మేలు. నీళ్ళ సీసా బల్ల మీద పెట్టుకోకుండా దూరంగా ఉంచండి, దాహం వేసినప్పుడల్లా లేస్తారు. ఫోన్ వస్తే నిలబడి మాట్లాడండి. తెర పైఅంచు కంటికి సమానంగా ఉండాలంటే కింద నాలుగు పాత పుస్తకాలు చాలు. పాదాలు నేలకు ఆనకపోతే ఒక పీట వేసుకోండి. తెర చూస్తున్నప్పుడు రెప్పవేయడం తగ్గి కళ్ళు మండుతాయి, అప్పుడప్పుడు కిటికీలోంచి దూరంగా చూడండి. మూత్రం ఆపుకుని పనిచేయకండి. చదువు విషయంలో మన పాత అలవాటు ఒకటి తిరిగి తెచ్చుకోవచ్చు. పరీక్షల ముందు డాబా మీద పచార్లు చేస్తూ వల్లెవేసే విద్యార్థులు ఒకప్పుడు ప్రతి వీధిలో కనిపించేవారు. తేదీలు, పేర్లు గుర్తుపెట్టుకోవలసిన చరిత్ర పాఠానికి అది చక్కగా పనికొస్తుంది. చెయ్యి తిమ్మిరెక్కడం, రాత్రిళ్ళు వేళ్ళు మొద్దుబారడం వారాల తరబడి ఉంటే మాత్రం డాక్టరుకు చూపించాలి, మీరు చేసే పని ఏమిటో ఆయన అడగకపోయినా చెప్పాలి.

ఇవి మీ చేతిలో ఉన్నవి. మీ చేతిలో లేనివి చట్టాల్లోకి వస్తాయి. ఐరోపా సమాజం 1990లో తెర ముందు పనిచేసేవారి కోసం ఒక ఆదేశం జారీచేసింది. దాని ప్రకారం పని మధ్యలో విరామాలో, పని మార్పో ఏర్పాటు చేయడం, కంటి పరీక్ష చేయించడం యజమాని బాధ్యత. మన 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ చూసింది మరో చివరను: నిలబడి పనిచేసేవారికి, వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఆసనాలు ఉండాలంది. కేరళలో బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే సేల్స్ మహిళలు పోరాడి 2018లో కూర్చునే హక్కును దుకాణాల చట్టంలోకి తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. ఒకరు లేవడానికి, మరొకరు కూర్చోవడానికి అనుమతి అడుగుతున్నారు. రెండు చోట్లా అడుగుతున్నది ఒకటే: తన ఒంటిని ఎప్పుడు కదపాలో తనకు తెలుసన్న గుర్తింపు.

అభ్యాసం

మీ కుటుంబంలోనో, ఊళ్ళోనో బల్ల ముందు పనిచేసి విరమించిన ఒక పెద్దాయనను గాని పెద్దావిడను గాని కలవండి. పాత కరణం, టైపిస్టు, టెలిఫోన్ ఆపరేటర్, కోర్టు గుమాస్తా, షావుకారు కొట్టులో లెక్కలు రాసినవారు ఎవరైనా సరే. రోజుకు ఎన్ని గంటలు కూర్చునేవారు, ఎన్నిసార్లు లేచేవారు, లేవడానికి ఎవరి అనుమతి కావలసి వచ్చేది, ఇప్పుడు ఒంట్లో ఎక్కడ నొప్పి అన్నవి అడిగి, వారి మాటల్లోనే రెండు పేజీలు రాయండి. ఆ నొప్పిలో చేతి పాలు ఎంత, ఆసనం పాలు ఎంత, మనసు పాలు ఎంత అన్నది మీ మాటల్లో మూడో పేజీలో రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సిలరుకు ఇవ్వండి.